పాత స్పోర్ట్స్ కారుకు దాని కాలపు టైర్లు

పాత స్పోర్ట్స్ కారును తిరిగి నిలబెట్టేవారు ఇంజిన్ మీద, రంగు మీద, సీట్ల తోలు మీద చూపే శ్రద్ధలో సగమైనా టైర్ల మీద చూపరు. పని అంతా పూర్తయ్యాక, రిమ్ముకు ఎక్కే టైరు ఏది దొరికితే అది వేయించి కారును రోడ్డు మీదికి తెస్తారు. ఇది నన్ను నిజంగా బాధించే విషయం. కారు మొత్తంలో నేలను తాకేది టైరు ఒక్కటే. స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలిసే ప్రతి కదలికా దాని గుండానే వస్తుంది. 1950లలోనో 1960లలోనో ఒక ఇంజనీరు స్ప్రింగుల బిగువునూ చక్రాల కోణాలనూ నిర్ణయించినప్పుడు, ఆనాడు దొరికే ఫలానా టైరును దృష్టిలో ఉంచుకునే నిర్ణయించాడు. ఆ టైరు స్వభావానికి దగ్గరగా ఉన్నదాన్ని వేసినప్పుడే ఆ కారు ఆయన ఉద్దేశించినట్టు నడుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

నా దగ్గర ఉన్నది ట్రయంఫ్ టీఆర్4. 1961 నుంచి 1965 వరకు కోవెంట్రీలో తయారైన ఈ రెండు సీట్ల కారు క్రాస్ ప్లై టైర్లతో, అంటే లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఉండే పాత పద్ధతి టైర్లతో, 5.90-15 సైజులో వచ్చేది. రేడియల్, అంటే దారాలు అంచు నుంచి అంచుకు నేరుగా వెళ్లే అప్పటి కొత్త పద్ధతి టైరు, కోరుకున్నవారికి 165-15 సైజు ఉండేది. ఈ 165 ఆర్ 15 అనే సైజు (ఆర్ అంటే రేడియల్) ఆ కాలంలో ఎన్నో కార్లకు సరిపోయింది. పోర్షే 356, తొలి 911, ఆస్టిన్ హీలీ 3000, ఎంజీఏ వంటివాటి యజమానులందరూ నేటికీ ఈ సైజు కోసమే వెతుకుతుంటారు. మామూలు టైర్ల దుకాణంలో మాత్రం ఇది కనిపించదు. అక్కడ దొరికే పదిహేను అంగుళాల టైర్లన్నీ 195/65, 195/60, 185/65 వంటి కొత్త కొలతలవి. వెతుకులాట మొదలయ్యేది ఇక్కడే, చాలామంది దారి తప్పేదీ ఇక్కడే.

సైజులో రాసిన అంకెలను ముందుగా అర్థం చేసుకోవాలి. కొత్త టైరు మీద 195/60 ఆర్ 15 అని ఉంటే వెడల్పు 195 మిల్లీమీటర్లని, పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతమని, రిమ్ము వ్యాసం 15 అంగుళాలని అర్థం. పాత రేడియల్ మీద మధ్య అంకె ఉండదు. అది లేనిచోట నిష్పత్తి సుమారు 80 నుంచి 82 శాతమని అనుకోవాలి. ఆనాడు అందరి రేడియల్ టైర్లూ దాదాపు అంతే ఎత్తుగా ఉండేవి కాబట్టి విడిగా రాయవలసిన అవసరం రాలేదు. క్రాస్ ప్లై టైర్లకైతే వెడల్పు కూడా అంగుళాలలోనే ఉండేది, ఎత్తు దాదాపు వెడల్పుతో సమానంగా ఉండేది. రేడియల్ నిష్పత్తి ప్రకారం లెక్కవేస్తే 165 ఆర్ 15 టైరు మొత్తం వ్యాసం సుమారు 650 మిల్లీమీటర్లు వస్తుంది. అదే రిమ్ముకు 195/60 వేస్తే వ్యాసం 615కు పడిపోతుంది. కారు నేలకు పదిహేడు మిల్లీమీటర్లకు పైగా దగ్గరవుతుంది, స్పీడోమీటరు వంద చూపించేటప్పుడు నిజమైన వేగం తొంభై అయిదు దరిదాపులలోనే ఉంటుంది, అదే వేగానికి ఇంజిన్ అయిదు శాతానికి పైగా ఎక్కువ తిరగవలసి వస్తుంది. ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ వేగాన్ని తగ్గించే అదనపు గేరు) లేని నాలుగు గేర్ల పాత కారులో దూరప్రయాణం చేసేవారికి ఆ చివరి మార్పు చెవిలో గంటల తరబడి వినిపిస్తూనే ఉంటుంది. స్మిత్స్ కంపెనీ స్పీడోమీటర్ల ముఖం మీద చిన్న అంకె ఒకటి ఉంటుంది. మైలు దూరానికి కేబుల్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె అది. టైరు వ్యాసాన్ని లెక్కలోకి తీసుకునే ఆ అంకెను వేశారు.

వ్యాసం కంటే ముఖ్యమైనది రిమ్ము వెడల్పు. నా కారుకున్న వైర్ చక్రాల (సన్నని స్పోకులతో చేసిన చక్రాల) రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు. 165 ఆర్ 15 టైరుకు నాలుగు నుంచి అయిదున్నర అంగుళాల రిమ్ము సరిపోతుంది కాబట్టి అది హాయిగా కూర్చుంటుంది. 195/60 టైరుకు కనీసం అయిదున్నర అంగుళాల రిమ్ము కావాలి. దాన్ని నాలుగున్నర అంగుళాల రిమ్ము మీద బలవంతంగా ఎక్కించవచ్చు, గాలి నిలుస్తుంది, చూడటానికి బలంగా కూడా కనిపిస్తుంది. కానీ పక్క గోడలు లోపలికి ముడుచుకుపోయి, ట్రెడ్ (నేలను తాకే గీతల పట్టీ) మధ్యభాగం ఉబ్బి, నేలను తాకే మేర తగ్గిపోతుంది. మలుపులో ముందు టైరు పక్కకు ఒరుగుతుంది, స్టీరింగ్ తిప్పిన తర్వాత ఒక క్షణం ఆగి కారు తిరుగుతుంది. వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందని ఆశించినవారికి దక్కేది ఈ ఆలస్యం.

సరైన రిమ్ము వేసి ఈ లోపాన్ని సరిదిద్దినా, కొత్త కాలపు వెడల్పు టైరు ఆ కారుకు తగదనే అంటాను. పాత రేడియల్ భుజాలు, అంటే ట్రెడ్ పక్క గోడను కలిసే అంచులు, గుండ్రంగా ఉంటాయి. దాని ట్రెడ్, టైరు మొత్తం వెడల్పు కంటే బాగా సన్నగా ఉంటుంది. కొత్త టైరు భుజాలు చతురస్రంగా, ట్రెడ్ దాదాపు అంచు దాకా ఉంటుంది. నేటి కార్ల సస్పెన్షన్ మలుపులో కూడా చక్రాన్ని నేలకు దాదాపు నిటారుగా పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ చదునైన ట్రెడ్ పూర్తిగా నేలకు అంటుకుని ఉండగలదు. పాత కారు శరీరం మలుపులో బాగా ఒరుగుతుంది, దానితోపాటు ముందు చక్రాలు కూడా వాలుతాయి. స్వింగ్ యాక్సిల్ (చక్రంతోపాటు పైకీ కిందికీ ఊగే ఇరుసు) ఉన్న పోర్షే 356, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ వంటివాటిలో వెనుక చక్రాల వాలు ఇంకా ఎక్కువ. చదునైన ట్రెడ్ అప్పుడు ఒక అంచు మీద మాత్రమే నిలబడుతుంది. గుండ్రని భుజం ఉన్న టైరు వాలిన మేరకు తన మీద తాను దొర్లి, నేలను తాకే భాగాన్ని క్రమంగా పక్కకు జరుపుకుంటుంది.

పట్టు ఎంత ఉందన్నదానికంటే ఆ పట్టు ఎలా జారిపోతుందన్నది డ్రైవరుకు ముఖ్యం. కాలానికి తగిన టైరు కొంచెం ముందుగానే జారడం మొదలుపెడుతుంది, కానీ ఆ సంగతి ముందే చెబుతుంది. స్టీరింగ్ కొద్దిగా తేలికపడుతుంది, వెనుక భాగం నెమ్మదిగా కదులుతుంది, సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. వెడల్పాటి కొత్త టైరు చాలా ఎక్కువ వేగం దాకా పట్టి ఉంచి, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలేస్తుంది. ఆ వేగంలో పాత కారు బ్రేకులూ స్టీరింగూ డ్రైవరుకు సాయపడేంత చురుకైనవి కావు. పైగా ఆ అదనపు పట్టు భారమంతా వైర్ చక్రాల స్పోకుల మీద, స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసు) మీద, బేరింగుల మీద పడుతుంది. అవి సన్నని టైరు మోపే బరువుకే లెక్కకట్టి చేసినవి. పవర్ స్టీరింగ్ లేని కారును వెడల్పాటి టైర్లతో పార్కింగ్ చేయడానికి ఎంత బలం కావాలో ఒకసారి చేసి చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ కాలపు టైర్లలో ఏది ఎవరికి తగుతుందన్నది కారు పుట్టిన సంవత్సరం మీద ఆధారపడి ఉంటుంది. మిషెలిన్ సంస్థ 1946లో రేడియల్ నిర్మాణానికి పేటెంటు తీసుకుని, 1949లో మిషెలిన్ ఎక్స్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అంతకు ముందున్న క్రాస్ ప్లై టైరులో దారాల పొరలు ఒకదానికొకటి అడ్డంగా, ఏటవాలుగా ఉండేవి. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా వెళ్తాయి, ట్రెడ్ కింద గట్టి పట్టీ ఒకటి చుట్టూ బిగించి ఉంటుంది. అందువల్ల పక్క గోడ మెత్తగా వంగుతున్నా ట్రెడ్ నేల మీద చదునుగా నిలుస్తుంది. పిరెల్లీ 1950లలో సింటురాటోను తెచ్చింది. ఆ పరంపరలో సీఏ67, తర్వాత వేగవంతమైన కార్ల కోసం సీఎన్72, 1960ల చివరలో సీఎన్36 వచ్చాయి. లంబోర్గినీ మియురా తొలి కార్లు 205 వీఆర్ 15 (వీ అనేది వేగ శ్రేణి గుర్తు) సైజు పిరెల్లీ టైర్ల మీద నడిచాయి. మిషెలిన్ 1965లో తెచ్చిన ఎక్స్ఏఎస్ టైరులో ట్రెడ్ లోపలి సగానికీ బయటి సగానికీ వేర్వేరు నమూనా ఉంటుంది. అలాంటి అసమాన ట్రెడ్ అంతకు ముందు ఏ టైరుకూ లేదు. దాన్ని బిగించేటప్పుడు ఏ వైపు బయటికి ఉండాలో చూసుకోవాలి. అదే సంస్థ ఎక్స్‌డబ్ల్యూఎక్స్ టైరు ఫెరారీ డేటోనాకు 215/70 వీఆర్ 15 సైజులో, డీనో 246కు 205/70 వీఆర్ 14 సైజులో వచ్చింది. లంబోర్గినీ కౌంటాష్ ఎల్‌పీ400 కూడా మొదట దాని మీదే నడిచింది, ముందు వెనుక వేర్వేరు వెడల్పులతో. 1970లలో పిరెల్లీ పీ7 రాకతో పక్క గోడలు పొట్టివై, కౌంటాష్ ఎల్‌పీ400ఎస్ వెనుక చక్రాలకు 345/35 సైజు దాకా వెళ్లింది. ఎంత అందమైన కారైనా, 1962 నాటి శరీరం కింద 1980 నాటి టైరు పెడితే కళ్లు ఆ తేడాను వెంటనే పట్టేస్తాయి.

సంతోషకరమైన సంగతి ఏమిటంటే, ఈ పేర్లలో చాలావాటిని నేడు మళ్లీ తయారుచేస్తున్నారు. మిషెలిన్, పిరెల్లీ రెండింటికీ పాత కార్ల కోసం ప్రత్యేక శ్రేణులు ఉన్నాయి. అమెరికాలోని కోకర్ సంస్థ ఫైర్‌స్టోన్, బీఎఫ్ గుడ్రిచ్ పేర్లతో తెల్ల గోడల టైర్లనూ ఎర్ర చారల టైర్లనూ అందిస్తోంది. డచ్చి బ్రాండు వ్రెడెస్టైన్ పేరుతో వచ్చే స్ప్రింట్ క్లాసిక్ పాత ట్రెడ్ నమూనాతో ఉంటుంది. బ్లాక్లీ అనే మరో పేరు కూడా ఈ సైజులలో వినబడుతుంది. యూరోపియన్ యూనియన్ టైర్ల లేబుల్ నిబంధనల నుంచి 1990 అక్టోబరు 1కి ముందు రిజిస్టరైన వాహనాలకు మాత్రమే ఉద్దేశించిన టైర్లను మినహాయించింది. కొద్ది సంఖ్యలో తయారయ్యే సరుకుకు ఇటువంటి వెసులుబాటు చాలా అవసరం.

వీటిని ఎంచుకునేటప్పుడు ఒక విషయం గమనించాలి. ట్రెడ్ గీతలు పాతవైనంత మాత్రాన ఆ టైరు పాత కాలానికి చెందదు. కొందరు తయారీదారులు నేటి చదునైన అచ్చు మీదే పాత నమూనా గీతలు చెక్కి అమ్ముతారు. పక్క నుంచి చూస్తే తేడా తెలియదు. ఎదురుగా నిలబడి భుజం గుండ్రంగా ఉందా చతురస్రంగా ఉందా అని చూస్తే తెలుస్తుంది. లోపలి అల్లిక, భుజాల ఆకారం, పక్క గోడ వంగే తీరు పాతవిగా ఉండి, రబ్బరు మిశ్రమం మాత్రం తడి రోడ్డు మీద నేటి స్థాయిలో ఆగేటట్టు ఉంటే అది నా దృష్టిలో ఆదర్శమైన టైరు. నా కారుకు పిరెల్లీ సీఏ67ను 165 హెచ్ఆర్ 15 సైజులో ఎంచుకున్నది ఈ కారణంతోనే. అదే సైజులో మిషెలిన్ ఎక్స్‌జెడ్ఎక్స్ కూడా మంచి టైరే, కానీ అది తర్వాతి దశాబ్దపు రూపం, పైగా ఎస్ వేగ శ్రేణిది, అంటే గంటకు 180 కిలోమీటర్ల దాకా మాత్రమే. హెచ్ శ్రేణి 210 దాకా వెళ్తుంది. మన వాడకంలో ఆ వేగం ఎన్నడూ రాకపోయినా, కారు గరిష్ఠ వేగానికి సరిపోయే శ్రేణి ఉండటం భద్రత రీత్యానూ బీమా రీత్యానూ మంచిది. పాత వీఆర్ గుర్తుకు 210కి పైన అని మాత్రమే అర్థం, దానికి పైహద్దు లేదు. కాబట్టి ఆ తరగతి కార్ల యజమానులు కొత్త టైరు మీద విడిగా అచ్చైన వేగ అక్షరాన్నీ, టైరు మోయగల బరువును చెప్పే అంకెనూ చూసుకుని తీరాలి.

క్రాస్ ప్లై టైర్లే కావాలనుకునేవారిని నేను తప్పుపట్టను. 1961 నాటి జాగ్వార్ ఈ టైప్ డన్లప్ ఆర్ఎస్5 క్రాస్ ప్లై టైర్లతోనే, 6.40-15 సైజులో వెలువడింది. ఆ కారును పుట్టిన రూపంలోనే ఉంచాలనుకోవడం గౌరవించదగినది. ఆ టైర్లు రోడ్డు మీది గాడుల వెంట కారును లాగుతుంటాయని, తడిలో మరింత ఓర్పు కావాలని ముందే తెలిసి ఉంటే చాలు. రెండు రకాలనూ కలిపి వేయడం మాత్రం కూడదు. ముందు రేడియల్, వెనుక క్రాస్ ప్లై వేస్తే ముందు భాగం పట్టి ఉండగా వెనుక భాగం విడిపోయి కారు గిరగిరా తిరుగుతుంది. బ్రిటన్ వంటి దేశాలలో అది చట్టవిరుద్ధం కూడా.

మిషెలిన్ టీఆర్ఎక్స్ చక్రాలున్న కార్ల విషయం వేరు. 1975లో వచ్చిన ఈ పద్ధతిలో రిమ్ము వ్యాసం 365, 390, 415 మిల్లీమీటర్ల వంటి కొలతలలో ఉంటుంది, రిమ్ము అంచు ఆకారం కూడా భిన్నంగా ఉంటుంది. పదిహేను అంగుళాలంటే 381 మిల్లీమీటర్లు, పదహారంటే 406. అందువల్ల 390 రిమ్ముకు ఆ రెండూ సరిపోవు. ఫెరారీ మాండియల్ 8 వంటి కార్ల యజమానులకు అదే టైరు కొనడమో, చక్రాలనే మార్చడమో తప్ప మూడో దారి లేదు.

కొనే ముందు తేదీ అడగడం అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. 2000 నుంచి ప్రతి టైరు పక్క గోడ మీద డాట్ (DOT అనే అక్షరాలతో మొదలయ్యే) గుర్తు చివర నాలుగు అంకెలు ఉంటున్నాయి: 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. మూడే అంకెలు ఉంటే ఆ టైరు గత శతాబ్దానిది. ఈ సైజులను ఏడాది పొడవునా తయారుచేయరు, అప్పుడప్పుడు ఒక్కో విడతగా చేసి గోదాములో ఉంచుతారు. కాబట్టి టైరు కొత్తదే అయినా వయసు మళ్లినదై ఉండవచ్చు. అంతకంటే ప్రమాదకరమైనవి, దశాబ్దాల క్రితం తయారై ఎన్నడూ వాడకుండా దాచిన టైర్లు. అవి నిగనిగలాడుతూ, అచ్చమైన ఆనాటి అక్షరాలతో ఎంతో ఆకర్షిస్తాయి. కానీ రబ్బరు గాలిలోని ఆక్సిజన్‌తో ఏళ్ల తరబడి చర్య జరుపుతూ గట్టిపడుతుంది, పొరల మధ్య అతుకు బలం తగ్గుతుంది, వేగంలో ట్రెడ్ పొర ఊడిపోయే ముప్పు ఉంటుంది. ప్రదర్శనశాలలో నిలబెట్టే కారుకు వాటిని వేసుకోవచ్చు. రోడ్డెక్కే కారుకు వద్దు. అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించమని, పదేళ్లకు పైబడినదాన్ని అరుగుదల లేకున్నా మార్చమని మిషెలిన్ సలహా ఇస్తుంది. ఏడాదికి కొద్ది దూరమే తిరిగే కార్లలో టైర్లు అరిగిపోయే లోపే ముసలివైపోతాయి కాబట్టి, ఈ సలహా మనవంటివారి కోసమే చెప్పినట్టుంటుంది.

వైర్ చక్రాలకు ట్యూబు తప్పనిసరి, ఎందుకంటే స్పోకులు రిమ్ములోకి దిగే ప్రతి రంధ్రం గుండా గాలి బయటికి పోతుంది. స్టీలు చక్రాలైనా, పాతవాటిలో టైరు అంచును పట్టి ఉంచే చిన్న గట్టు ఉండదు. మలుపులో గాలి తగ్గితే ట్యూబులెస్ టైరు రిమ్ము నుంచి లోపలికి జారిపోగలదు. ట్యూబు రేడియల్ కోసం చేసినదై, సరిగ్గా ఆ సైజుదై ఉండాలి. స్పోకుల తలలను కప్పే రబ్బరు పట్టీ కొత్తది వేయాలి. టైరు లోపలి గోడకు అంటించిన కాగితపు చీటీలను పూర్తిగా తీసేయాలి. తిరిగే టైరులో ఆ చీటీ అంచు ట్యూబును రాపాడి, కొన్ని వందల కిలోమీటర్లలోనే చిల్లు పెడుతుంది. లోపల సన్నగా ఫ్రెంచ్ చాక్ (టాల్క్) పొడి చల్లితే ట్యూబు సుఖంగా సర్దుకుంటుంది. బిగించేవారు ఈ పనులన్నీ చేస్తున్నారో లేదో నేను పక్కన నిలబడే చూస్తాను. నేటి దుకాణాలలో చాలామంది యువ పనివారికి ట్యూబు టైరుతో పని పడి ఉండదు. వివరంగా చెబితే వారు శ్రద్ధగానే చేస్తారు.

గాలి విషయంలో కారు పుస్తకంలో రేడియల్‌కు వేరే అంకె ఇచ్చి ఉంటే దానితోనే మొదలుపెట్టాలి. క్రాస్ ప్లై అంకెను రేడియల్‌కు వాడకూడదు. ఎత్తైన పక్క గోడల రేడియల్ సరైన గాలితో కూడా కింద కొంచెం ఉబ్బినట్టే కనిపిస్తుంది, దాన్ని చూసి అదనంగా గాలి కొట్టించకూడదు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి, అచ్చు నుంచి టైరు ఊడిరావడానికి వాడే పూత అరిగిపోయే దాకా పట్టు పూర్తిగా రాదు. మధ్యలో బిగించే పెద్ద నట్టు ఉన్న వైర్ చక్రాలను మొదటి ప్రయాణంలో కొద్ది దూరం వెళ్లగానే ఆపి, మళ్లీ బిగించి చూడాలి.

టైర్లు నాలుగు కొంటే సరిపోదు, అయిదు కొనాలి. కొత్త టైర్లతో మెరిసే కార్ల డిక్కీలో ముప్పై ఏళ్ల నాటి స్టెప్నీ, ఒక్కోసారి క్రాస్ ప్లైదే, పడి ఉండటం నేను తరచుగా చూస్తుంటాను. పంక్చరైన రోజున, వానలో, చీకటిలో, ఆ టైరే వెనుక చక్రానికి ఎక్కుతుంది. అందుకే స్టెప్నీ కూడా అదే రకం, అదే సైజు, అదే తయారీ విడతకు చెందినదై ఉండేటట్టు ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పాలి.